‘పనికిరాని’ దేహం, పాడే సంఘం: ఉద్దానం తీరం నుంచి పురుషోత్తమ చౌదరి కీర్తన పునఃపఠనం

వ్యాససంగ్రహం

తెలుగు క్రైస్తవ కీర్తనల మీద వచ్చిన విమర్శ ఎక్కువగా రాగతాళాల చుట్టూ, మిషనరీ చరిత్ర చుట్టూ తిరిగింది. పాడేవారి జీవితస్థితి కీర్తనార్థాన్ని ఎలా మారుస్తుందన్న ప్రశ్న అంతగా చర్చకు రాలేదు. పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాల సంఘజీవితాన్ని నేపథ్యంగా తీసుకొని, పురుషోత్తమ చౌదరి ‘త్రాహిమాం క్రీస్తునాథ’ కీర్తనలోని ఆత్మనింద స్వరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కవి నోట త్యాగంగా పలికిన ఆ స్వరం, శ్రమజీవి నోట, రోగి నోట వేరే అర్థం పొందుతుందనీ, దాని పక్కన విలాపకీర్తనకు చోటు కల్పించడం నేటి సంఘానికి అవసరమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రైస్తవ కీర్తన, పురుషోత్తమ చౌదరి, ఉద్దానం, ఆత్మనింద, విలాపం, సంఘజీవితం.

1. ఉపోద్ఘాతం

క్రైస్తవ విశ్వాసం ఆదివారపు ఆరాధనకే పరిమితం కారాదనీ, అనుదిన జీవితంలో కనిపించాలనీ ప్రతి సంఘంలోనూ బోధిస్తారు. ఆరాధననూ అనుదిన జీవితాన్నీ కలపడంలో ప్రసంగం కంటే పాటకే ఎక్కువ పాత్ర ఉంది. ప్రసంగం ఆ పూటకు వినబడి ముగుస్తుంది. పాట పనిలోకీ, ఇంట్లోకీ, రోగి మంచం దగ్గరికీ వెంట వస్తుంది. అందువల్ల ఒక ప్రాంతపు క్రైస్తవులు విశ్వాసాన్ని ఎలా జీవిస్తున్నారో తెలుసుకోవాలంటే వారు పాడే పాటను చదవాలి; దానితోపాటు పాడే సందర్భాన్నీ చదవాలి. ఈ వ్యాసంలో అనుసరించిన పద్ధతి ఇదే.

2. కవి, ప్రాంతం, కీర్తన

పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంలో, బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. 1833లో క్రైస్తవం స్వీకరించి, బరంపురం, శ్రీకాకుళం పరిసరాల్లో సువార్త సేవ చేశారు. కీర్తనలతోపాటు ‘కులాచార పరీక్ష’ వంటి రచనలూ చేశారు. అంటే తెలుగు క్రైస్తవ కీర్తనకు తొలి రూపం ఇచ్చినవారిలో ప్రముఖుడైన ఈ కవి, నేటి ఉద్దానానికి ఇరుగుపొరుగు నేలకు చెందినవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటి ద్వారా ఆయన రచనలు శాఖాభేదం లేకుండా తెలుగు సంఘాలన్నిటికీ చేరాయి.

‘త్రాహిమాం క్రీస్తునాథ’ శీర్షికలోనే ఆయన పద్ధతి కనిపిస్తుంది. ‘త్రాహి’ అన్నది సంస్కృత స్తోత్ర వాఙ్మయంలో ఆర్తుడు వాడే మాట. ఆ మాటను క్రీస్తుకు అన్వయించడంలో కవి తన పూర్వసంప్రదాయపు శరణాగతి భాషను విడువలేదు. దాని గమ్యాన్ని మార్చాడు. కీర్తనలో యాచకుడిగా నిలబడిన వక్త, ఇంద్రియాలకు లోబడి తాను పనికిరానివాడినయ్యానని, మనసుకు నిలకడ లేకపోయిందని వాపోతాడు. తన విలువలేమిని చెప్పడానికి కవి గవ్వను తీసుకొన్నాడు. గవ్వ చేయనిది అంటే ఏ విలువా లేనిదని తెలుగు నుడికారం. గవ్వలు ఒకప్పుడు ఒడిశా ప్రాంతంలో ద్రవ్యంగా చెలామణి అయ్యాయి కనుక, ఆనాటి శ్రోతకు ఇది అంగడిలో నిత్యం వినిపించే లెక్క కూడా. వేదాంత భావాన్ని సంత భాషలో చెప్పగలగడం చౌదరి బలం.

3. సంఘజీవితంలో కీర్తన

కెనడా బాప్టిస్టు మిషను టెక్కలి, సోంపేట కేంద్రాలుగా ఈ ప్రాంతంలో పనిచేసింది. ఆ మిషను సంఘాలే తరువాత ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల సమాఖ్యగా ఏర్పడ్డాయి. అక్షరం రాని ఇళ్లకు వాక్యాన్ని చేర్చింది బైబిలు స్త్రీలు. వారు చదివి వినిపించారు, పాడి నేర్పించారు. అందువల్ల కీర్తన పుస్తకంలో ఉన్నా, దాని మనుగడ మాత్రం మౌఖికం. ప్రభు బల్ల ముందు ఆత్మపరీక్షకు పాడే కీర్తనే కుటుంబ ప్రార్థనలోనూ, మరణం జరిగిన ఇంట ఆదరణ కూటంలోనూ వినబడుతుంది. కోత పండుగనాడు పంటను కానుకగా తెచ్చినవారే, ఆ పంట పోయిన ఏడు ఉపవాస ప్రార్థనలో కూర్చుంటారు. పాఠం మారదు, సందర్భం మారుతుంది. సందర్భంతోపాటు అర్థమూ మారుతుంది.

4. ‘పనికిరాని’ అనే మాటకు మూడు అర్థాలు

మొదటి అర్థం కవిది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, విద్యావంతుడై, కులాచారాన్ని ప్రశ్నించిన వ్యక్తి తనను తాను పనికిరానివాడినని చెప్పుకోవడంలో ఒక త్యాగం ఉంది. సమాజం తనకు ఇచ్చిన గౌరవాన్ని ఆయన దేవుని ముందు దించివేస్తున్నాడు. ఆ ఆత్మనింద ఉన్నతస్థానం నుంచి దిగి వచ్చేవాని వినయం.

రెండో అర్థం పాడే సంఘానిది. ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాలలో దళిత కుటుంబాలే అధికం. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టి, పొట్టు తీసి, పప్పును రకాలుగా వేరుచేసేవారిలో స్త్రీలే ఎక్కువ. జీడి రసం తగిలి వేళ్లు కాలడం ఆ పనిలో మామూలు. ఇలాంటి బతుకుల నుంచి వచ్చిన గాయకురాలు అదే చరణం పాడితే ఆమె దించివేయడానికి లోకం ఇచ్చిన గౌరవమేదీ లేదు. సమాజం ఆమెతో ఎప్పటినుంచో అంటున్న మాటనే ఆమె తన నోటితో తిరిగి అంటున్నది. కవికి విముక్తి అయిన మాట ఆమెకు భారం కావచ్చు.

దీనికొక ఆక్షేపణ ఉంది. ఆత్మనింద కృపకు ద్వారం మాత్రమే; దేవుని ముందు అందరూ పనికిరానివారే అన్నప్పుడు కులభేదమే చెరిగిపోతుంది కదా అని అనవచ్చు. ఈ వాదంలో సత్యం ఉంది. అగ్రవర్ణ కవి, దళిత శ్రామికురాలు ఒకే చరణాన్ని ఒకే స్వరంలో పాడటం పంతొమ్మిదో శతాబ్దిలో చిన్న విషయం కాదు. అయితే సమానత్వం సిద్ధించాలంటే ఇద్దరూ ఒకే చోట నుంచి దిగి ఉండాలి. పాపపు ఒప్పుకోలులో సమానత్వం ఉన్నా, లోకం చేసిన అవమానంలో లేదు. కీర్తన మొదటిదాన్ని మాత్రమే పలుకుతుంది.

మూడో అర్థం రోగగ్రస్త దేహానిది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలను ఆవరించిన ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ప్రజలను పీడిస్తోంది. పరిశోధకులు తాగునీటినీ, ఎండలో శ్రమనూ, మరికొన్ని అంశాలనూ పరీక్షించినా ఒక్క కారణం నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కొబ్బరితోటలోనో సముద్రం మీదనో పనిచేసిన మనిషి డయాలసిస్‌కు చేరాక, ‘పనికిరాని’ అన్న మాట అతనికి నైతిక వర్ణన కాదు. అది అక్షరాలా అతని దేహస్థితి. ఇంద్రియాలు తన వశంలో లేవన్న చరణం అతని నోట కామక్రోధాల గురించి కాక, మాట వినని శరీరం గురించి పలుకుతుంది. కవి ఊహించని ఈ అర్థం తప్పు పఠనం కాదు. కీర్తన బతికి ఉన్నదనడానికి ఇదే నిదర్శనం.

5. పాపమూ రోగమూ

ఇక్కడే ప్రమాదమూ ఉంది. ఒకే చరణంలో పాపమూ దేహబలహీనతా కలిసి వినబడితే, రోగం పాపానికి ఫలమన్న భావం సులభంగా ప్రవేశిస్తుంది. విశ్వాసం చాలనందువల్లే స్వస్థత కలగలేదన్న మాట రోగిని రెండుసార్లు శిక్షిస్తుంది. అది వైద్యాన్ని వాయిదా వేయిస్తే ప్రాణానికే ముప్పు. కనుక ఇది కేవలం సాహిత్యచర్చ కాదు.

బైబిలు ఈ భావాన్ని అంగీకరించదు. యోబు గ్రంథం ఆసాంతం స్నేహితుల తర్కాన్ని, అనగా బాధ ఉంటే పాపం ఉండితీరాలన్న వాదాన్ని, ఖండిస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అదే ప్రశ్న అడిగినప్పుడు, అతని పాపమో అతని తల్లిదండ్రుల పాపమో కారణమనడాన్ని యేసు నిరాకరించాడు. ఈ తీరపు సంఘచరిత్ర కూడా ఆ జవాబునే ఆచరించి చూపింది. కెనడా బాప్టిస్టు మిషను వైద్యుడు బెన్ గలిసన్ సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో నేత్రవైద్యం చేశారు. ఆ సేవకు అండగా 1963లో కెనడాలో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ ఏర్పడింది. చూపు పోయినవారి పాపాన్ని లెక్కించక, వారి కన్నుకు చికిత్స చేయడమే అక్కడ విశ్వాసపు ఆచరణ అయింది.

6. విలాపానికి చోటు

తెలుగులో బైబిలులోని 150 స్తోత్రగీతాల గ్రంథాన్నీ, సంఘంలో పాడే పాటనూ ఒకే పేరుతో, ‘కీర్తన’ అని పిలుస్తాం. కానీ రెండింటి స్వభావంలో తేడా ఉంది. కీర్తనల గ్రంథంలో విలాపకీర్తనలే అధికం. వాటిలో పాపపు ఒప్పుకోలుతోపాటు, ఏ పాపమూ ఎరుగని బాధ కూడా నోరు విప్పుతుంది; దేవుణ్ణే ప్రశ్నిస్తుంది. 88వ కీర్తన ఊరట లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. తెలుగు కీర్తన పశ్చాత్తాపాన్నీ స్తుతినీ సమృద్ధిగా అందుకొన్నది గానీ, ఈ మూడో స్వరాన్ని అంతగా అందుకోలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా కూలాయి. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోయిన రైతుకు కావలసినది ఒప్పుకోలు పాట కాదు. ఎందుకిలా అని అడగగలిగే పాట కావాలి. నిజానికి ‘త్రాహి’ అన్న మాటలోనే ఆ అవకాశం ఉంది. దానికి క్షమించు అని కాక రక్షించు అని అర్థం. చౌదరి దాన్ని పాపం వైపు నడిపించాడు. ఉద్దానం గాయకుడు దాన్ని తుపాను వైపు, వ్యాధి వైపు తిప్పుకోవచ్చు.

7. ముగింపు

చౌదరి కీర్తనను పక్కన పెట్టాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాన్ని ఏ సందర్భంలో పాడాలో, దాని పక్కన ఏమి చదవాలో సంఘం ఎరిగి ఉండాలన్నదే ప్రతిపాదన. ప్రభు బల్ల ముందు ఆత్మపరీక్షకు అది తగిన పాట. రోగి మంచం దగ్గర దాన్ని పాడితే, వెంట యోబునో 88వ కీర్తననో చదవడం అవసరం. విమర్శకుల విషయానికొస్తే, కీర్తనల రాగసూచికలతోపాటు వినియోగసూచికలు కూడా సిద్ధం కావాలి: ఏ కీర్తనను ఏ ఊరి సంఘం ఏ సందర్భానికి పాడుతున్నది, ఏ చరణాన్ని విడిచిపెడుతున్నది అన్న నమోదు పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని. విడిచిపెట్టిన చరణం కూడా ఆ సంఘపు విశ్వాసాన్ని గురించి మనకు చెబుతుంది.