తగలని గుద్దు

1933 నాటి 'రైడర్స్ ఆఫ్ డెస్టినీ' గంటైనా నిండని చవక కౌబాయ్ సినిమా. కథ పాతదే: ఊరి నీళ్లన్నీ ఒక్కడి గుప్పెట్లో, రైతులేమో వాడి దయ మీద. జాన్ వేన్ పాడుతుంటే గొంతు అరువుదని పెదవులే పట్టిస్తాయి. పాటలు దాటేయండి, నష్టం లేదు.

గుర్రాల దగ్గర మాత్రం ఆగాలి. ఆ సాహసాలు రోడియో ఛాంపియన్ యాకిమా కనట్‌వి. రౌడీ వేషమూ వేశాడు. ఉత్తుత్తి దెబ్బల ఫైటింగుకి వేన్‌తో కలిసి పదును పెట్టింది ఆ రోజుల్లోనే. పిడికిలి గడ్డం పక్కనుంచి దూసుకుపోతుంది, కెమెరా భుజం వెనక నక్కి ఉంటుంది, తల సరిగ్గా అప్పుడే వెనక్కి విసురుకోవాలి. అరక్షణం తేడా వచ్చిందా, గుట్టు రట్టే!

కనట్‌కి గౌరవ ఆస్కార్ ఇచ్చింది 1967లో. మరీ తాపీగా.