మంచివాడైతేనే నిర్దోషా?

డిటెక్టివ్ నవలని మన విమర్శకులు గడప బయటే నిలబెడతారు. అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ కోసం వెతుక్కుంటూ పెరిగిన మాకు ఆ పట్టింపు లేదు. హంతకుడెవరన్న ప్రశ్నకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంటుంది. ఊరు మొదట ఎవరివైపు వేలు చూపిస్తుంది? హాలీ జాక్సన్ ఇంగ్లీషు నవల 'ఏ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్' (2019) ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. అందుకే పిల్లల పుస్తకమని దీన్ని పక్కన పెట్టలేకపోయాం. ముగింపు చెప్పకుండా దీని మంచిచెడ్డలు మాట్లాడలేం. అది ముందే తెలిసిపోకూడదనుకునేవాళ్లు నవల చదివాకే ఈ వ్యాసానికి రావచ్చు.

కథ ఇంగ్లండులోని లిటిల్ కిల్టన్ అనే కల్పిత ఊళ్లో జరుగుతుంది. 2012లో ఆండీ బెల్ అనే తెల్ల అమ్మాయి మాయమైపోతుంది. కొన్ని రోజులకి ఆమె స్నేహితుడు సలిల్ సింగ్ అడవిలో శవమై దొరుకుతాడు. తానే చేశానని తండ్రికి మెసేజ్ పంపి చనిపోయాడని పోలీసులు కేసు మూసేస్తారు. ఆండీ శవం దొరకదు. విచారణ లేదు, కోర్టు లేదు, తీర్పు లేదు. హంతకుడన్న పేరు మాత్రం స్థిరపడిపోతుంది. (సలిల్ అందరికీ 'సాల్'. పేరు కూడా ఇంగ్లీషు నోటికి సరిపడా కురచైంది.) ఐదేళ్ల తర్వాత పిప్ అనే పదిహేడేళ్ల అమ్మాయి స్కూలు ప్రాజెక్టుగా ఈ కేసు ఎంచుకుని, సాల్ తమ్ముడు రవి తలుపు తడుతుంది.

ఆ తలుపు దగ్గరి మొదటి పేజీలే నవలకి ప్రాణం. సింగుల ఇల్లు ఊరికి దెయ్యాల కొంప. దాని ముందునుంచి పోయేవాళ్లు అడుగులు వడివడిగా వేస్తారు. బడి పిల్లలు పందెం కాసుకుని గేటు ముట్టుకుని పరిగెడతారు. గోడమీద బూతు రాతలు పడతాయి, కిటికీ మీద రాళ్లు పడతాయి. లోపలున్నది దెయ్యాలు కాదు, ముగ్గురు మనుషులు. వీళ్లు ఊరొదిలి ఎందుకు పోలేదా అని పిప్ ఆశ్చర్యపోతుంది. వాళ్లేం తప్పు చేశారు గనక అని వెంటనే తనే అనుకుంటుంది. 'ఎందుకు పోరు' అన్న మాటని మేం పుట్టినప్పటినుంచీ వింటున్నాం. దాన్ని ఓ పిల్లల నవల, అదీ దయగల పాత్ర మనసులోంచి, ఇంత మామూలుగా పలికించడం మమ్మల్ని ఆపేసింది.

ఇంకో బలం, స్నేహితుల సంగతి. ఆ రాత్రి సాల్ తమతోనే ఉన్నాడని వాళ్లు మొదట పోలీసులకి నిజమే చెప్తారు. తర్వాత తమ పాత తప్పు ఒకటి బయటపెడతామన్న బెదిరింపుకి లొంగి మాట మారుస్తారు. సాల్ అడిగితేనే అబద్ధం చెప్పామంటారు. వాళ్లు దుర్మార్గులేం కాదు, కూడా తిరిగినవాళ్లే. తమ ప్రాణంమీదికొచ్చేసరికి, ఎవరి మాట పోయినా ఊరు నమ్మేస్తుందో లెక్క వేసుకున్నారంతే. రాళ్లేసినవాళ్లకంటే వీళ్లే మాకెక్కువ గుర్తుండిపోయారు.

కూర్పు కూడా బాగుంది. ప్రాజెక్టు డైరీ, ఇంటర్వ్యూలు, అనుమానితుల జాబితా, అన్నీ పాఠకుడి ముందు పరుస్తుంది రచయిత్రి. దాచి మోసం చెయ్యదు. అసలు దోషుల్లో ఒకడు అందరూ గౌరవించే చరిత్ర మాస్టారు కావడం, అతనింట్లోనే పిప్ సొంత బిడ్డలా తిరుగుతుండడం గట్టిగా తగులుతుంది.

ఇక పేచీ. పిప్ సాల్‌ని ఎందుకు నమ్మింది? చిన్నప్పుడు తనని ఏడిపిస్తున్నవాళ్ల నుంచి అతను కాపాడాడు కాబట్టి. సాల్ మర్యాదస్థుడు, చదువుకునేవాడు, నవ్వుతూ మాట్లాడేవాడు. నవల పొడుగునా అతని మంచితనానికి సాక్ష్యాలు పోగవుతూనే ఉంటాయి. ఆండీ సంగతి అలా కాదు. ఆమె మత్తుమందులు అమ్మింది, తోటి ఆడపిల్లల్ని ఏడిపించింది, బెదిరించింది. అయినా నవల ఆమెని వదిలెయ్యదు. ఆమె చెడ్డతనానికి మూలం తండ్రి నోటి దురుసులో వెతుకుతుంది, మనచేత ఆమెకోసం బాధపడేలా చేస్తుంది. ఇది చాలా మంచి పని. కానీ ఆ వెసులుబాటు గోధుమరంగు కుర్రాడికి లేదు. తెల్లపిల్ల చెడ్డదై కూడా బాధితురాలు కాగలదు. సలిల్ సింగ్ మచ్చలేనివాడైతేనే నిర్దోషి. సాల్ ముక్కోపి అయివుంటే, పిప్‌ని చిన్నప్పుడు పట్టించుకోకుండా పోయివుంటే, ఆ ప్రాజెక్టు ఉండేదా? 'మంచి మైనారిటీ' అనే సర్టిఫికెట్ చూపించనిదే న్యాయం అడిగే అర్హత లేదన్న భావాన్ని నవల ప్రశ్నించదు, దానిమీదే నిలబడుతుంది.

ఇంగ్లండుకి ఇది కొత్త సంగతి కాదు. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి విద్యార్థిని తెల్ల కుర్రాళ్లు పొడిచి చంపారు. పక్కనే ఉండి బయటపడ్డ స్నేహితుడు డువేన్ బ్రూక్స్‌ని పోలీసులు బాధితుడిగా చూడలేదు. లండన్ పోలీసుశాఖలో జాతివివక్ష వ్యవస్థీకృతమై ఉందని 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక తేల్చింది. లిటిల్ కిల్టన్ పోలీసులకి ఈ చరిత్ర ఉన్నట్టు కనిపించదు. వాళ్లు మోసపోయారు, అంతే. మాస్టారి తెలివితేటలకి ఊరి ద్వేషం పనిముట్టయిందని ఒప్పుకునే నవల, ఆ పనిముట్టు ఎక్కడ తయారైందో చూడదు. అమెరికా ప్రచురణలో ఊరిని కనెక్టికట్ రాష్ట్రంలోని ఫెయిర్‌వ్యూగా మార్చేస్తే కథకి ఎక్కడా కుట్టు ఊడలేదు. సింగుల కుటుంబానికి ఆ నేలలో వేళ్లెంత లోతున ఉన్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. వాళ్లింట్లో ఏ భాష మాట్లాడతారో, ఏ దేవుణ్ని తలుచుకుంటారో మనకి దాదాపు వినపడదు. పిప్‌ని పెంచిన తండ్రి నైజీరియా మూలాలున్న నల్లాయన. రంగు సంగతి రచయిత్రికి తెలియక కాదు.

చివర్లో బిగువు సడలింది. మాస్టారు, ఆండీ చెల్లెలు ఒకరి తర్వాత ఒకరు పేజీలకి పేజీలు నేరం ఒప్పుకుంటారు. వేరే అమ్మాయిని ఆండీ అనుకుని మాస్టారు ఏళ్ల తరబడి అటకమీద బంధించాడంటే నమ్మడం కష్టం. పోనీ నమ్మాం. అలా బందీగా బతికిన మనిషి కోసం నవల ఆగిందా? మలుపు కోసం వాడుకుని వదిలేసింది.

ఆఖరున పిప్ ఊరివాళ్ల ముందు ప్రాజెక్టు సమర్పిస్తూ, ఊరంతా కలిసి సాల్‌ని రాక్షసుణ్ని చేసిందని మొహంమీదే చెప్తుంది. ఆ ధైర్యానికి సంతోషించాం. కానీ రాళ్లేసిన చేతులెవరివో ఆ సభలోనూ తెలియదు. తమ్ముడు రవికి నిజం పిప్ కంటే ఐదేళ్లు ముందే తెలుసు. అతనడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు, ఆమె అడిగితే చెప్పారు. ఈ తేడాని నవల గుర్తుపట్టింది కూడా. అయినా డైరీలన్నీ పిప్‌వే. ఐదేళ్లు ఆ కిటికీ వెనక కూర్చున్న రవి రాసుకున్న పేజీ ఒక్కటీ ఇందులో లేదు.