చెప్పులు విడిచిన మెట్లు: ఆర్ట్స్ కాలేజీ చుట్టూ ఒక నడక

ఒక ఆదివారం పొద్దున ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దగ్గర జరిగిన 'హెరిటేజ్ వాక్'కు మేమూ వెళ్లాం. మాకు ఆ మెట్లు కొత్త కాదు. వాటి మీద కూర్చుని ధర్నాలు చేశాం, టీలు తాగాం, ఫెలోషిప్ డబ్బులు ఎప్పుడొస్తాయా అని లెక్కలు వేసుకున్నాం. అయినా ఆ భవనాన్ని తలెత్తి తీరిగ్గా చూసింది తక్కువ. చూపించేవాళ్లు ఏం చూపిస్తారో చూద్దామని పోయాం.

నడక సంగతి చెప్పేముందు ఇంకో సంగతి చెప్పాలి. మాలో ఒకరి నాయిన, కొడుకు ఎం.ఎ.లో చేరే రోజున ఊరి నుంచి వచ్చి ఈ మెట్ల కింద ఆగిపోయాడు. చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. "ఇది గుడి కాదు నాయినా, బడి" అంటే, "బడికి గింతెత్తు ఎందుకు బిడ్డా? దొర గడి లెక్కున్నది" అన్నాడు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి దొర గడి ముందర మాత్రం చెప్పులేసుకుని నడిచి ఎరగడు. అంత పెద్ద కమాను కనబడేసరికి కాళ్లు వాటంతటవే ఆగినయి. భవనాల అందం గురించి రాసే పుస్తకాల్లో ఈ ఆగిపోవడానికి చోటు లేదు. మేం ఈ నడకను విమర్శించడం ఇక్కడి నుంచే మొదలుపెడతాం.

నడక నడిపినాయన బాగా చదువుకున్న మనిషి. చెప్పిన వివరాలు సరైనవే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించి ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పించాడు. భవనాల కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు దేశదేశాల విశ్వవిద్యాలయాలు తిరిగి చూసొచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న పునాదిరాయి పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. గులాబీ ఛాయ గ్రానైటు, ఆకాశానికి లేచిన కమాను, అజంతా ఎల్లోరాలను తలపించే స్తంభాలు. ఇవన్నీ చూపించి చివరకు ఆయన "కమాను ముస్లింలది, స్తంభం హిందువులది. గంగా జమునీ తెహజీబ్ అంటే ఇదే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా పేచీ ఈ చివరి మాటతోనే. స్తంభం హిందువులదని ఎవరు చెప్పారు? అజంతా గుహలన్నీ బౌద్ధానివి. ఎల్లోరాలో అంకెలు వేసిన 34 గుహల్లో మొదటి పన్నెండూ బౌద్ధులవి, చివరి అయిదూ జైనులవి. బుద్ధుడి విహారంలో పుట్టిన స్తంభాన్ని చూపించి 'హిందూ' అని సర్దేయడం చిన్న పొరపాటు కాదు. వేల ఏళ్లుగా బ్రాహ్మణీయం చేస్తూ వస్తున్న పనే ఇది. తనను ఎదిరించినదాన్ని ముందు కొడుతుంది, తర్వాత తనదేనంటుంది. హిందూ, ముస్లిం అని రెండే గడులు గీస్తే, ఆ రెండింటిలో దేనిలోనూ మనిషిగా లెక్కకు రానివాళ్లు ఎక్కడ నిలబడాలి? 1956లో అంబేద్కర్ లక్షల మందితో వెతుక్కుంటూ పోయిన దారి ఆర్ట్స్ కాలేజీ స్తంభాల్లో ముందే ఉంది. నడకలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకో నడక సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి పడిన 1934లోనే అంబేద్కర్ తన సహచరులతో కలిసి ఎల్లోరా బౌద్ధ గుహలు చూడటానికి బయలుదేరాడు. అప్పట్లో ఆ గుహలు నిజాం రాజ్యంలోనివే. దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగి, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లూ ముఖాలూ చెరువు నీళ్లతో కడుక్కున్నారు. అంటరానోళ్లు చెరువును మైల చేశారని ఒక ముసలాయన అరుచుకుంటూ వచ్చాడు. ఆయన ముస్లిం. గొడవ అయింది. చివరికి కోట చూడనిచ్చారు గానీ, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా కాపలాకు ఆయుధం పట్టిన సిపాయిని వెంట పంపారు. అంబేద్కర్ స్వయంగా రాసుకున్న అనుభవం ఇది. అప్పటికి ఆయన లండన్‌లో, న్యూయార్క్‌లో చదివి డాక్టరేట్లు తెచ్చుకున్నవాడు.

దీన్ని పట్టుకుని ముస్లింలను తిట్టడానికి ఎవరైనా బయలుదేరితే వాళ్లతో మాకు పొత్తు లేదు. అంటును పుట్టించి, శాస్త్రం రాసి, పక్కవాడికి అంటించినవాళ్లు ఎవరో మాకు తెలుసు. మేం చెప్పేది వేరు. కమానూ స్తంభమూ ఒకే గోడలో కలిసిన ఆ రోజుల్లోనే, చెరువు దగ్గర మాత్రం హిందువూ ముసల్మానూ ఇంకో రకంగా కలిశారు. సమ్మేళనం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో కలయికను కూడా చెప్పాలి.

1939నే తీసుకోండి. ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచిన ఆ ఏడాదే, ఫిబ్రవరిలో భాగ్యరెడ్డివర్మ చనిపోయాడు. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో మన పిల్లల కోసం బడులు మొదలుపెట్టినవాడు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ నిలబెట్టినవాడు. హైదరాబాదులో చదువుకు కట్టిన భవనాల చరిత్ర రాస్తే, ఆర్ట్స్ కాలేజీకి ఎన్ని పేజీలిస్తారో ఆ భవన్‌కూ అన్ని పేజీలు ఇవ్వాలి. అక్కడికి హెరిటేజ్ వాక్ ఎప్పుడు పోతుంది? ఇదే విశ్వవిద్యాలయం 1953 జనవరి 12న అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. దౌలతాబాద్‌లో నీళ్లు ముట్టనివ్వని రాజ్యం పోయిన నాలుగేళ్లకు జరిగిన పని అది. రెండు గంటల నడకలో దానికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

అట్లాగని మేం ఈ భవనాన్ని కాదనడం లేదు. అది మాకు ఇష్టం. మా అవ్వ మా ఊరి గుడి స్తంభాన్ని బతికినంత కాలం దూరం నుంచే చూసింది. చెక్కిన రాతి స్తంభానికే వీపు ఆనించి మేం ఇక్కడ ఫూలేనూ అంబేద్కర్‌నూ చదువుకున్నాం. స్తంభాన్ని దేవుడి దగ్గర నుంచి చదువు దగ్గరికి తేవడం పెద్ద పనే. కానీ మమ్మల్ని ఆ స్తంభం దాకా తెచ్చింది నిజామూ కాదు, జాస్పరూ కాదు. రిజర్వేషన్ తెచ్చింది, సాంఘిక సంక్షేమ హాస్టలు తెచ్చింది, కూలికి పోయి చార్జీలు పంపిన అమ్మలు తెచ్చారు. భవనం అందరిదీ అనేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పాలి.

నడక అయిపోయే ముందు మేం ఒక ప్రశ్న అడిగాం: "ఈ రాయి కొట్టిందెవరు?" "ఆ వివరాలు మా నోట్సులో లేవండీ" అన్నారాయన. నిజాయితీగా చెప్పారు, సంతోషం. అయితే నోట్సులో లేకపోతే తెలుసుకునే దారి లేదా? ఈ నేల మీద రాయి కొట్టడం ఏ కులానికి అప్పజెప్పారో, మన్ను తవ్వడం ఎవరికి వదిలారో, వెట్టికి ఎవరిని పిలిచారో ఊళ్లలో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. 1934 నుంచి 1939 దాకా ఇక్కడ పనిచేసినవాళ్ల మనవలూ మునిమనవలూ ఎక్కడో ఉంటారు. వాళ్ల ఇళ్లకు పోయి అడగాలి, విన్నది రాసిపెట్టాలి. చరిత్ర శాఖలో, తెలుగు శాఖలో చదివే మన పిల్లలు పిహెచ్.డి.కి అంశం దొరకడం లేదని తిరుగుతుంటారు. ఇదిగో అంశం.

అది జరిగిన నాడు మేమే ఒక నడక పెడతాం. మెట్ల కింద మొదలుపెడతాం, నాయిన చెప్పులు విడిచిన చోటు నుంచి. ఆయన్ను కూడా పిలుస్తాం. ఈసారి చెప్పులేసుకునే ఎక్కమంటాం.