పడ్డవాళ్లు రాసిన పుస్తకాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్లలో ఎక్కడా ఐస్ రింక్ లేదు. మే నెలలో మనకు కనిపించే ఐస్ చెరుకురసం బండి మీద గోనెపట్టా కింద కరిగిపోయేదే. అయినా సరే, ఫిగర్ స్కేటర్లు రాసిన పుస్తకాలు చదవడానికి మనవాళ్లను మించిన పాఠకులు లేరని నా వాదన. దెబ్బలు తిన్న మనిషి తన కథ తాను చెప్పుకుంటే ఎలా వినాలో ఈ ప్రాంతానికి తెలుసు. కరివిరాల కొత్తగూడెం బిడ్డ మల్లు స్వరాజ్యం చెబుతుంటే విమల, కాత్యాయని అక్షరాల్లో పెట్టిన ‘నా మాటే తుపాకి తూటా’ 2019లో వచ్చింది. అది చదివినవాళ్లకు ఫిగర్ స్కేటర్ స్కాట్ హామిల్టన్ పరాయివాడుగా తోచడు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. స్కేట్ కింది బ్లేడు నాలుగైదు మిల్లీమీటర్ల మందం. దాని పొడవునా సన్నని గాడి, గాడికి అటూ ఇటూ రెండు అంచులు, ముందు కొసన రంపం లాంటి పళ్లు. ఏ క్షణంలో ఏ అంచు మీద నిలబడ్డారన్నదే ఆటంతా. ఏక్సెల్ అనే గెంతు ముందుకు చూస్తూ లేచి వెనక్కి దిగేది, అందుకే దానికి మిగతావాటికన్నా అర చుట్టు ఎక్కువ. దిగేది ఒంటికాలి మీద, బయటి అంచు మీద. ఆ అంచు తప్పితే పడడమే.

ఆ పడడాన్ని రాయడంలోనే ఈ పుస్తకాల పనితనమంతా ఉంది. పతకం గురించి ఎవరైనా రాస్తారు. హామిల్టన్ గొప్పతనం వేరు. చిన్నప్పుడు అంతుచిక్కని జబ్బుతో ఎదుగుదల ఆగిపోయిన పిల్లవాడు. 1977లో తల్లిని క్యాన్సర్ తీసుకుపోయింది, 1997లో అదే జబ్బు అతనికీ వచ్చింది, 2004లో మెదడులో కణితి. ఇన్ని దాటినవాడు ‘ది గ్రేట్ ఎయిట్’ అని పుస్తకం రాశాడు. ఆ ఎనిమిది అంకె ఉత్తుత్తిది కాదు. పూర్వం పోటీల్లో మంచు మీద ఒంటికాలితో ఎనిమిది గీసి, అదే గీత మీద మళ్లీ మళ్లీ తిరగాలి. న్యాయనిర్ణేతలు వంగి గీతను పరీక్షించేవారు. 1984 సరయెవో ఒలింపిక్స్‌లో మిగతా రెండు భాగాలనూ కెనడా వాడు బ్రయాన్ ఓర్సర్ గెలిస్తే, హామిల్టన్‌కు స్వర్ణం తెచ్చిపెట్టింది ఈ గీతల భాగమే! చప్పట్లు పడని చోట, విసుగు పుట్టించే సాధనలో గెలిచిన మనిషి బతకడం గురించి చెబితే వినాలనిపించదా? 1990 తర్వాత ఆ భాగాన్నే పోటీల నుంచి తీసేశారు. నన్నడిగితే అది అన్యాయం. జీవితంలో తాను 41,600 సార్లు పడ్డానని ఆయనే లెక్కగట్టాడు. లేచింది కూడా అన్నిసార్లేనట.

ఇక ఎకతెరీనా గోర్డియేవా. సెర్గేయ్ గ్రిన్‌కోవ్‌తో కలిసి 1988లో, 1994లో ఒలింపిక్స్ జంటల స్వర్ణం గెలిచింది. 1995 నవంబర్ 20న లేక్ ప్లాసిడ్‌లో సాధన చేస్తూండగా ఆమె కళ్లముందే భర్త కుప్పకూలాడు. గుండెపోటు. అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. మరుసటి ఏడే వచ్చింది ‘మై సెర్గేయ్’. ఆమె చెబుతుంటే క్రీడా పాత్రికేయుడు ఇ.ఎం.స్విఫ్ట్ రాశాడు. రాయించుకున్న పుస్తకమని కొందరు చిన్నచూపు చూస్తారు. మరి స్వరాజ్యం పుస్తకం మాటేమిటి? చెప్పేవాళ్ల గొంతు చెడకుండా రాసిపెట్టడం మామూలు విద్య కాదు. స్విఫ్ట్ ఎక్కడా తన అలంకారాలు దూర్చలేదు. ఈ జాతి పుస్తకాలన్నిట్లో మకుటం ఇదే, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మిషెల్ క్వాన్ ‘హార్ట్ ఆఫ్ ఎ చాంపియన్’ రాసేనాటికి పదిహేడేళ్ల పిల్ల. పుస్తకం 1997లో వచ్చింది, 1998లో నగానో ఒలింపిక్స్‌లో స్వర్ణం పదిహేనేళ్ల తారా లిపిన్‌స్కీ పట్టుకుపోయింది. తర్వాతేం జరిగిందో తెలిసి ఆ పుస్తకం చదువుతుంటే ప్రతి పేజీ దగ్గరా గుండె కలుక్కుమంటుంది. లిపిన్‌స్కీ పుస్తకం కూడా ఉంది. నేను క్వాన్ పక్షం, అంతకన్నా చెప్పను. జపాన్ యుజురు హాన్యూ 2011 భూకంపం వచ్చినప్పుడు సెండాయ్ రింక్‌లోనే ఉన్నాడు, స్కేట్లతోనే బయటికి పరుగెత్తాడు. ఆ మరుసటి ఏడు వచ్చిన తన పుస్తకం రాయల్టీ ఆ రింక్‌కే ఇచ్చేశాడు. 2024లో గ్రేసీ గోల్డ్ తన తిండి జబ్బునూ మనోవేదననూ దాచకుండా రాసింది. కోలుకున్నానని డప్పు కొట్టుకోకపోవడం ఆ పుస్తకానికి అందం.

ఇప్పుడు బస్టాండు స్టాళ్లలో వేలాడే విజయసూత్రాల పుస్తకాలు చూడండి. అట్ట మీద కొండెక్కే మనిషి, లోపల పదిమంది మహానుభావుల బతుకులు ఒక్కొక్కటి ముప్పావు పేజీ. ‘కష్టపడ్డాడు, గెలిచాడు’ అంటే సరిపోయిందా? ఏ కాలు మెలిపడింది, ఎన్ని నెలలు మంచం పట్టాడు, వైద్యానికి డబ్బెవరిచ్చారు, ఇవేవీ ఉండవు. ఊరూ పేరూ లేని సూక్తులు మాత్రం పెద్దక్షరాల్లో! వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చేదీ ఇదే సరుకు. ఇంటర్‌లో తప్పిన పిల్లవాడి చేతిలో పెట్టాల్సింది ఇదా? వాడికి కావలసింది తనలాగే పడ్డవాడి వివరం. నిజమైన పుస్తకాలు ఇంగ్లీషులో మూలుగుతుంటే, ఉత్త తొక్కలు తెలుగులో అమ్ముడుపోతున్నాయి.

అనువాదాలు మనవాళ్లు చదవరనే ప్రచురణకర్తలతో నాకు పేచీ ఉంది. ఎక్కడో ఆఫ్రికా నుంచి అమెరికాకు అమ్ముడుపోయిన మనిషి వంశగాథను సహవాసి ‘ఏడు తరాలు’గా ఇస్తే తెలుగువాళ్లు కళ్లకద్దుకోలేదా? ‘మై సెర్గేయ్’ తెలుగు చేయించండి, అమ్ముడవకపోతే అప్పుడు అడగండి.

ఇంకొక్క మాట. మనకూ ఒక స్కేటర్ ఉన్నాడు. హైదరాబాద్ వాడు అనూప్ కుమార్ యామా. మంచు మీద కాదు, చక్రాల మీద. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒంటరిగా ఒకటి, జంటగా ఒకటి, రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు. అనూప్ గారూ, మీరు తెలుగులో రాయండి. తీరిక లేకపోతే చెప్పండి, రాసిపెట్టేవాళ్లు ఇక్కడ దొరుకుతారు. పతకాల సంగతి మాకు తెలుసు. నేల మీద పడ్డప్పుడు ఏ ఎముక ఎలా నొచ్చిందో, మర్నాడు మళ్లీ చక్రాలు ఎలా కట్టుకున్నారో, అది రాయండి.