రెండు వలసలు, రెండు ఆదరణలు: ఖరగ్‌పూర్, మారిషస్

వలస వెళ్లినవాళ్లకు ప్రభుత్వం ఏమివ్వాలి, సంఘం ఏం చేసుకోవాలి? ఖరగ్‌పూర్, మారిషస్ తెలుగువాళ్ల చరిత్రలను పక్కపక్కన పెట్టి చదివితే సమాధానం దొరుకుతుంది. రెండు చోట్లకూ వెళ్లింది కోస్తా జిల్లాల శ్రమజీవులే. 1830ల నుంచి కోరంగి వంటి రేవుల మీదుగా చెరకు తోటల ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు పనికి ఖరగ్‌పూర్ చేరారు.

ఖరగ్‌పూర్‌లో వాళ్లను నిలబెట్టింది రైల్వే ఉద్యోగం. ట్రాఫిక్, మథురాకాటి, నింపురా వంటి రైల్వే ప్రాంతాల్లో నెల జీతం, క్వార్టర్సు దొరికాయి. రైలు పాసు ఉండటంతో శ్రీకాకుళం, విజయనగరం దూరం కాలేదు. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ సాగాయి. హక్కుల కోసం కార్మిక సంఘం నిలబడింది. 1920లలో ఈ రైల్వే కార్మికుల పోరాటాలకు వి.వి. గిరి నాయకత్వం వహించారు. రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది.

మారిషస్ తీరు వేరు. అక్కడ ఉగాది జాతీయ సెలవు దినం. ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు తెలుగును ఒక పాఠ్యాంశంగా ఎంచుకోవచ్చు. పై చదువులకు మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆంధ్ర మహాసభ రామభజనలనూ పండుగలనూ కాపాడుతోంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

ఫలితాలు మాత్రం తారుమారుగా కనిపిస్తాయి. ఇంత ఆదరణ ఉన్న మారిషస్‌లో ఇళ్లలో వినిపించేది ఎక్కువగా క్రియోల్. తెలుగు బడికీ గుడికీ పరిమితమైంది. దశాబ్దాల పాటు హోదా లేని ఖరగ్‌పూర్‌లో తెలుగు ఇంట్లోనూ వీధిలోనూ మాట్లాడే భాషగానే నిలిచింది. కారణం స్పష్టం. సముద్రం దాటినవాళ్లకు ఊరితో రాకపోకలు తెగాయి, రైలెక్కినవాళ్లకు తెగలేదు.

అంతమాత్రాన ప్రభుత్వం అక్కర్లేదనుకుంటే పొరపాటు. మాట్లాడటం ఇల్లే నేర్పుతుంది, కానీ చదవడం, రాయడం నేర్పాల్సింది బడి. మారిషస్ పిల్లలకు ఆ బడి ఉంది. ఖరగ్‌పూర్ పిల్లలకు అమ్మ మాట ఉంది, ఆ మాటను కాగితం మీద చదివే అవకాశం తక్కువ. కాబట్టి అధికార భాష హోదాతో బెంగాల్ ప్రభుత్వ బాధ్యత తీరిపోలేదు, అక్కడే మొదలైంది. తెలుగు ఉపాధ్యాయులను నియమించాలి. పాఠ్యపుస్తకాలు పంపే బాధ్యతను రెండు తెలుగు రాష్ట్రాలూ తీసుకోవాలి. బడి తెరిస్తే పిల్లల్ని పంపే పని ఖరగ్‌పూర్ తెలుగు సంఘాలది.