‘దాసి’ చిత్రమందలి గడి గుట్టు

గుట్టనఁగా నెవరికిని తెలియనిదని లోకము తలఁచును. బి. నరసింగరావుగారు 1988లో వెలయించిన ‘దాసి’ చలనచిత్రమున గుట్టనఁగా నందఱెఱిఁగియు నొకరును పలుకరానిది. కథాస్థలము నైజాము తెలంగాణములోని యొక గడి. కాలము 1920 నాఁటి దశకము.

ఆదవాని, ఎమ్మిగనూరు సీమలవారికి గడి బ్రదుకు కొంత క్రొత్త. ఆదవాని దుర్గము బసాలత్ జంగు జాగీరుగా నుండి, 1800లో దత్తమండలములతో కుంపిణీవారి వశమయ్యెను. పిదప నచట మన్రో రైతువారీ పద్ధతి వేళ్లూనెను. తుంగభద్ర కావలి నైజాము ఏలుబడి 1948 వఱకు సాగెను. ఒకప్పుడొక్క ఛత్రచ్ఛాయలోనున్న సీమలే యైనను, ఈ కథ ఇచటివారికి పొరుగింటి మాటవలెఁ దోఁచును.

దొరవలన దాసికిఁ గర్భము నిలుచును. గడి దానిని బలవంతముగాఁ బోఁగొట్టించును. ఇంతే కథ. పాణినీయమున షష్ఠీసమాసమందు విభక్తి లోపించుట సామాన్యము. నింద తోఁచునపుడు పుత్రశబ్దము పరమైనచో లోపము వికల్పము. కావున ‘దాస్యాఃపుత్రః’, ‘దాసీపుత్రః’ అని రెండు రూపములు సిద్ధించును. తిట్టుగానైనను దాసికొడుకునకు శాస్త్రమున నొక చోటు దొరకినది. గడిలో నాపాటి చోటును లేదు. శిశువు పుట్టినచో గుట్టునకుఁ గాళ్లు వచ్చును. తండ్రి యెవరని యూరడుగును.

దీనిని కరుణరసమని చెప్పి విడుచుట సులభము. కాని కరుణమునకు విలాపము ముఖ్యానుభావము. ఇచట దాసికి విలపించు స్వాతంత్ర్యమే లేదు. అర్చనగారు శోకమును కన్నులలోను, పనిచేయు చేతులలోను నిలిపిరి. ఆ నటనకు జాతీయ పురస్కారము లభించుట యుచితము. చిత్రమున కట్టి పురస్కారములైదు వచ్చెను. ఛాయాగ్రహణమునకు అపూర్వకిశోర్ బీర్, కళకు వైకుంఠము, ఆహార్యమునకు సుదర్శన్ గార్లు పొందిరి. ఈ కడపటిది విశేషించి గణింపఁదగినది. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకారసంఘము నెలకొల్పిన యెమ్మిగనూరున మాటకంటె ముందు బట్టను చూతురు. వారికి దాసి యెవరో, దొరసాని యెవరో సంభాషణ లేకయే తెలియును.

సంస్కృతనాటకమున రాజు సంస్కృతమును, పరిచారికలు ప్రాకృతమును పలుకుదురు. ఇచట దొరయు దాసియు నొక్క తెలంగాణపు నుడినే పలుకుదురు. గ్రాంథికాభిమానులు నొసలు చిట్లింతురు కాఁబోలు. ఆ నుడిని సంస్కరించియున్నచో చిత్రము చెడియుండెడిది.

నడక మిక్కిలి మందము. కొన్ని పట్టుల నిది దోషమనియే చెప్పవలెను. చాకిరి దృశ్యములలో మాత్రమా మందగమనము తగియున్నది. దాసికి ప్రొద్దు గడచునట్లే ప్రేక్షకునకును గడచును.