చదివినట్టు కనిపించే చదువు

సెమిస్టరు పరీక్షలు నెత్తిమీదికొచ్చిన వారంలో ఇంజనీరింగ్ హాస్టళ్లలో లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. ఆ వెలుతురులో జరిగే పనిలో పెద్ద వాటా ల్యాబ్ రికార్డు రాయడానిదే. కుడి పేజీలో నీలం ఇంకుతో ప్రయోగం, ఎడమ పేజీలో పెన్సిలుతో బొమ్మ. ఎక్కించేది ఎక్కణ్ణుంచి అంటే, సీనియర్ రికార్డు నుంచి. మొన్నొక అమ్మాయి సంతకానికి తెచ్చిన రికార్డు తిరగేశాను. గుండ్రటి చేతిరాత, స్కేలు పెట్టి గీసిన సర్క్యూట్లు, మచ్చుకైనా కొట్టివేత లేదు. ప్రయోగం తేదీ మాత్రం నిరుటిది. సీనియర్ రీడింగులతో పాటు సీనియర్ తేదీ కూడా దిగిపోయింది. "ఎంతసేపు రాశావమ్మా?" అంటే, "రాత్రంతా కూర్చున్నా సార్" అంది. అబద్ధం కాదు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, పెన్ను ఒత్తుకుని వేలు కందిపోయింది.

ఈ కాలపు పిల్లలు సోమరులని అనేవాళ్లతో నాకు అందుకే పడదు. ఫోను పాడుచేసింది, రీల్స్ పాడుచేశాయి అని ఊరంతా అంటోంది. కాదనను. కానీ ఫోను చూస్తున్న పిల్లవాడికి తను చదవడం లేదన్న సంగతి తెలుసు. రాత్రంతా రికార్డు రాసిన అమ్మాయికి ఆ అనుమానమే రాదు. అనంతపురంలో ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న నాకు భయం వేసేది ఈ రెండో రకాన్ని చూసే.

ఈ రెండో రకం మా నేలలోనే ఎక్కువేమో అనిపిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. బుడ్డలు (వేరుశనగ) వేసి ఆకాశం కేసి చూసే ఇళ్ల నుంచి, బెంగళూరులో కూలికి పోయిన నాయనలు నెలనెలా డబ్బు పంపే ఇళ్ల నుంచి వస్తారు మా పిల్లలు. "మా నాయన అంత ఎండలో పడుతాంటే నేను నిద్రపోతే ఎట్లా సార్?" అంటారు. ఎంత మంచి మాట! చిక్కంతా అక్కడే ఉంది. ఇంటి కష్టం ఒక బాకీలా మెడకు పడుతుంది. తను కూడా కష్టపడితే తప్ప ఆ బాకీ తీరదు. కష్టానికి కొలత గంటలు, నిద్రలేమి, నిండిన నోటుపుస్తకాలు. ఏం గుర్తుంది, ఏం అర్థమైంది అన్నది ఆ లెక్కలోకి రానే రాదు.

ఒకాయన కళ్యాణదుర్గం వైపు నుంచి కొడుకు మార్కుల చీటీ పట్టుకుని వచ్చాడు. మూడు సప్లీలు. "వాడు సినిమాలకు పోడు సార్. ఎప్పుడు ఫోన్ చేసినా చదువుతానే ఉంటాడు. ఆ చదివిందంతా యాడ పోతాంది సార్?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. దీనికి 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక జవాబు చూపించారు. విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో జట్టు మొదటి విడత మాత్రమే చదివి, తర్వాత మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది కాగితం మీద పెట్టింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన జట్టుదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, వీళ్లకు 71. వారం తర్వాత పెడితే తలకిందులైంది. నాలుగు విడతలూ చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, గుర్తు తెచ్చుకున్నవాళ్లకు 61. నన్ను ఆపేసింది ఈ అంకెలు కాదు. బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది ఆ మొదటి జట్టే.

పేజీ కళ్లకు అలవాటైతే బుర్రకెక్కినట్టే ఉంటుంది. పసుపు, గులాబీ మార్కర్లతో గీతలు కొట్టడం కూడా ఈ కోవలోదే. డన్‌లాస్కీ బృందం 2013లో పది రకాల చదువు పద్ధతులను బేరీజు వేసి, గీతలు కొట్టడాన్నీ మళ్లీమళ్లీ చదవడాన్నీ అంతగా పనికిరానివాటిలో చేర్చింది. తనను తాను పరీక్షించుకోవడం, కొన్ని రోజుల ఎడంతో మళ్లీ పట్టుకోవడం పై వరసలో నిలిచాయి. మా ఊరి జిరాక్స్ షాపుల్లో పుస్తకం కన్నా మార్కర్లు ఎక్కువ అమ్ముడవుతాయని నా అనుమానం.

ఈ అలవాటు ఎక్కడ పడుతుందో వెతికితే చాలామంది విషయంలో దారి ఇంటర్మీడియట్‌కు పోతుంది. అక్కడి హాస్టళ్లలో తెల్లవారుజామున లేపుతారు. పది దాటేదాకా స్టడీ అవర్స్. ఎప్పుడు ఏ పుస్తకం తీయాలో టైంటేబుల్ చెబుతుంది, తల వాలిస్తే వార్డెన్ భుజం తడతాడు. వారం వారం పరీక్ష, వెంటనే ర్యాంకు. రెండేళ్లు ఇట్లా గడిచాక పిల్లవాడు ఇంజనీరింగ్‌కో డిగ్రీకో వస్తాడు. ఇక్కడ గంట కొట్టేవాడు లేడు. ఇవాళ ఏం చదవాలి, దేన్ని వదిలెయ్యాలి, ఎక్కడ ఆపాలి అనే నిర్ణయం ఒక్కసారైనా తను తీసుకుని ఉంటే కదా! మొదటి సంవత్సరమంతా స్వేచ్ఛ అనుకుంటాడు. రెండో ఏడు మొదటి సప్లీ తగలగానే తనకు తెలిసిన ఒకే ఒక్క మందు తీస్తాడు: మళ్లీ స్టడీ అవర్స్, ఈసారి తన వార్డెన్ తనే. డబ్బు కట్టి స్టడీ హాల్‌లో కుర్చీ పట్టుకుంటాడు. కుర్చీలో కూర్చున్న సేపంతా చదువు కిందే జమ.

నిబంధనలు కూడా ఈ లెక్కలకు ఎరువు వేస్తాయి. జేఎన్‌టీయూ అనంతపురం ఇటీవలి రెగ్యులేషన్లలో రెండు మిడ్ పరీక్షల్లో మెరుగైనదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. ఒక మిడ్ చెడిపోయిన పిల్లలకు ఊరట కావాలని పెట్టింది. మావాళ్లు దాన్ని మొదటి మిడ్‌కు సెలవుగా చదువుకున్నారు. హాజరు 75 శాతానికి తగ్గితే కండొనేషన్ ఫీజు ఎంతవుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. టెలిగ్రాంలో పీడీఎఫ్‌లు దించుకోవడం గురించి కొత్తగా చెప్పేదేముంది? దించుకోగానే సగం చదివేసిన తృప్తి.

  

ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి, రోజుకు కాసేపు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసుకోండి అంటే పిల్లలు నమ్మరు. ఇలాంటి అపనమ్మకాన్నే మా చీనీ (బత్తాయి) తోటల్లో చూశాను. 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలై డ్రిప్ పైపులు సబ్సిడీ మీద వస్తున్న తొలి రోజుల్లో పెద్దవాళ్లు పెదవి విరిచారు. బోరులో వచ్చేది ఇంచు నీళ్లే అయినా, పాది నిండి అంచు దాటితేనే వాళ్లకు తడి ఇచ్చినట్టు. చెట్టు మొదట్లో చుక్కచుక్కగా పడి, సాళ్ల నడుమ నేల తెల్లగా ఎండి కనిపిస్తుంటే, "ఇదేం నీళ్లు కట్టడం?" అనేవాళ్లు. వేరుకు అందుతున్న తడి కంటికి కనిపించదు. మధ్యాహ్నానికే ఆవిరయ్యే నీళ్లు మాత్రం నిండుగా కనిపిస్తాయి. ఆ రైతులే ఇప్పుడు డ్రిప్ లేకుండా మొక్క పెట్టరు. వాళ్ల మనవలు మాత్రం పుస్తకాల దగ్గర ఇంకా పాదులు నింపుతున్నారు.

దీనికన్నా లోతున దాక్కున్న అలవాటు ఇంకోటుంది. ఏది చదువు, ఏది కాదు అని పిల్లలు ముందే గీత గీసేసుకుంటారు. ఇంగ్లీషులో ఉన్నది చదువు. ఇంట్లో తెలిసింది చదువు కాదు. రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు 2021–22 నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మారాక ఈ గీత ఆర్ట్స్, సైన్స్ పిల్లల దాకా పాకింది. క్లాసులో "అర్థమైందా?" అంటే "ఎస్ సార్" అని ఒకే గొంతుతో వస్తుంది. ఆ జవాబు నమ్మడం నేను ఎప్పుడో మానేశాను.

ఎలక్ట్రికల్ వైవాలో ఒక కుర్రవాణ్ణి సింగిల్ ఫేజింగ్ గురించి అడిగాను. మొదటి రెండు వాక్యాలు గడగడా అప్పజెప్పాడు, మూడో వాక్యం దగ్గర తెగిపోయింది. మధ్యలో మరచిపోయినవాడు మళ్లీ మొదటికెళ్లి అందుకోబోయాడు. ఆపి, "మీకు బోరుందా?" అన్నాను. ఉంది సార్ అన్నాడు. "మూడు ఫేజుల్లో ఒకటి పోతే మీ మోటారు ఏం చేస్తుంది?"

"గుయ్యిమంటుంది సార్, తిరగదు. అట్లే వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది."

"తిరుగుతున్నప్పుడే ఫేజు పోతే?"

"తిరుగుతానే ఉంటుంది గానీ మిగిలిన రెండు వైర్లు ఎక్కువ గుంజుతాయి సార్, వేడెక్కుతుంది. మా ఊళ్లో కొందరు కండెన్సర్ పెట్టి నడిపేస్తారు. అదీ మంచిది కాదు సార్." చేతులతో స్టార్టర్ డబ్బా బొమ్మ గాలిలో గీస్తూ చెప్పాడు. తను రాత్రంతా బట్టీ పట్టిన పేజీలో ఉన్నది ఇదేనని చెబితే కాసేపు నన్నే చూస్తూ ఉండిపోయాడు. తమాషా చేస్తున్నాననుకున్నాడేమో.

ఈ కుర్రవాడికి తెలివి లేదనగలమా? సమయం చాలలేదనగలమా? తన బోరు దగ్గర తెలిసిందాన్ని కాలేజీ గేటు బయట వదిలిపెట్టి, లోపల కొత్తగా, అరువు మాటలతో, సున్నా నుంచి మొదలుపెట్టాడు. అంతకన్నా దండగ పని నాకు కనబడదు. టైమ్ మేనేజ్‌మెంట్ మీద ఎన్ని సెమినార్లు పెట్టినా ఈ దండగ ఎవరి పట్టికలోనూ పడదు.

అప్పట్నుంచి అతను నా గదికి వస్తూ పోతూ ఉన్నాడు. గంటన్నర చదువు, పుస్తకం మూసెయ్, గుర్తున్నది తెలుగులోనైనా సరే రాయి, తర్వాతే పుస్తకం తెరిచి సరిచూసుకో అన్నాను. సెలవులకు ఊరికి పోయే ముందు అతను అడిగిన ప్రశ్న మాత్రం ఏ పరిశోధనలోనూ లేదు. "గంటన్నరకే పుస్తకం మూస్తే ఇంట్లో ఏమనుకుంటారు సార్? సెల్లు చూసేదానికే మూసినాడనుకుంటారు." నిజమే. కొడుకు పుస్తకం ముందు కూర్చుని కనిపించడమే ఆ ఇంటికి ధైర్యం. దాన్ని తీసేయమనడం తేలిక కాదు. మూశాక ఆ పాఠం మీ అమ్మకు చెప్పు, వింటున్నంతసేపు చదువుతున్నావనే అనుకుంటుంది అన్నాను. సగం నవ్వులాటకే అన్నాను.

నిజంగానే చెప్పాడట. పొద్దున్నే స్టార్టర్ వేసి వచ్చేది ఆ ఇంట్లో ఆమే. ఇండక్షన్ మోటారు పాఠం ఓపిగ్గా విని, "అదంతా సరే గానీ నాయనా, కరెంటు తక్కువొస్తే మోటారు సల్లగుండాల గదా, ఎందుకు కాల్తాది?" అందట. కుర్రవాడి దగ్గర జవాబు లేదు. ఓల్టేజి తగ్గినా మోటారు మోసే బరువు తగ్గదు కాబట్టి ఎక్కువ కరెంటు గుంజుతుందన్నది అతని సిలబస్‌లోనే ఉంది. సెలవులు అయిపోయేదాకా ఆగకుండా ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు. జవాబు చెప్పలేదు. ఏ అధ్యాయంలో ఉందో చెప్పి పెట్టేశాను.